‘ఎవ్రీవన్’ అంటే గుంపు కాదు, ఒక్కొక్కరూ

ఈ శీర్షిక రాసే మేమంతా ఆఫీసుల్లో గుమాస్తా పని చేసుకునేవాళ్ళం. ఇంటర్ దాకా చదివి, టైపు నేర్చుకుని, ఇక్కడికి వచ్చాక టైమ్‌షీట్లు, సర్క్యులర్లు, లీవు లెటర్లు రాస్తూ రాస్తూ ఇంగ్లీషు పట్టుకున్నవాళ్ళం. అందుకని మేము చెప్పేది పరీక్షకు పనికొచ్చే గ్రామర్ కాదు, పనిలో అక్కరకొచ్చే గ్రామర్. ఈ వారం ఎవ్రీవన్, నోబడీ, ఈచ్, సమ్, ఆల్, నన్ లాంటి మాటల సంగతి చూద్దాం. వీటిని ఇన్‌డెఫినిట్ ప్రొనౌన్లు అంటారు. అంటే ఫలానా వాడు అని పేరు పెట్టి చెప్పకుండా ‘ఎవరో’, ‘ఎవరూ’, ‘అందరూ’, ‘కొందరు’ అని చెప్పే మాటలన్నమాట. వీటి పక్కన ఈజ్ రావాలా ఆర్ రావాలా, హ్యాజ్ రావాలా హ్యావ్ రావాలా అన్నదే చిక్కు.

ఇంత చిన్న విషయానికి ఒక వారం అంతా ఎందుకు అంటారేమో. క్యాంపులో ఎవరికి ఇంగ్లీషు ఉత్తరం కావలసి వచ్చినా నాలుగు ముక్కలు చదువుకున్నవాడి దగ్గరికే కాగితం పట్టుకుని వస్తారు. ఆ ఉత్తరాల్లో ఎక్కువగా కనిపించే వాక్యం ఇది: ‘ఎవ్రీవన్ హ్యావ్ నాట్ రిసీవ్డ్ ద శాలరీ’. ఇందులో రెండు తప్పులున్నాయి. మొదటిది, హ్యావ్ బదులు హ్యాజ్ ఉండాలి. ఇది చదివేవాడు సర్దుకుపోతాడు. రెండోది అంతకన్నా పెద్దది. హ్యాజ్ అని దిద్దినా ఆ వాక్యానికి రెండు అర్థాలొస్తాయి. ‘ఎవ్వరికీ జీతం రాలేదు’ అని ఒకటి, ‘అందరికీ రాలేదు, కొందరికి వచ్చింది’ అని ఇంకొకటి. కంపెనీ వాళ్ళు ఏ అర్థం తీసుకుంటారో వేరే చెప్పక్కర్లేదు కదా.

నిజానికి ఈ చిక్కు మన తెలుగులోనే ఉంది. ‘అందరికీ జీతం రాలేదు’ అని చెప్పి చూడండి. ఒకరు ఎవరికీ రాలేదనుకుంటారు, ఇంకొకరు కొందరికే వచ్చిందనుకుంటారు. తెలుగులో గొంతును బట్టి, ఎదుటివాడి ముఖాన్ని బట్టి అర్థం తేలిపోతుంది. కాగితానికి గొంతు లేదు. అందుకే అసలు ఎవరికీ రాకపోతే ‘నో వన్ హ్యాజ్ రిసీవ్డ్ ద శాలరీ’ అని రాయండి. కొందరికి వచ్చి కొందరికి రాకపోతే ‘నాట్ ఎవ్రీవన్ హ్యాజ్ రిసీవ్డ్ ద శాలరీ’ అని రాయండి. ఎవ్రీవన్ పక్కన నాట్ పెట్టి వాక్యం నడపకుండా ఉంటే సగం తగాదా తీరిపోతుంది.

మనకే ఎందుకు ఇబ్బంది?

ఇబ్బంది మన తెలివితేటల్లో లేదు, మన భాష అలవాటులో ఉంది. తెలుగులో ‘ప్రతి ఒక్కరూ వచ్చారు’ అంటాం. చివర ‘రు’ ఉంది, అంటే బహువచనం. ‘ప్రతివాడూ వచ్చాడు’ అంటే ఏకవచనమే కానీ, మర్యాదగా ఉండదు. మర్యాద కోసం వాడిన ఆ బహువచనాన్నే ఇంగ్లీషులోకి తెచ్చుకుని ‘ఎవ్రీవన్ హ్యావ్ కమ్’ అనేస్తాం. ఇంగ్లీషు క్రియలో మర్యాదకు చోటు లేదు. మేనేజరైనా ఆఫీసు బాయ్ అయినా ‘హి హ్యాజ్’ అనాల్సిందే.

రెండో కారణం కూడా ఉంది. నేను రాలేదు, వాడు రాలేదు, వాళ్ళు రాలేదు, ఎవరూ రాలేదు. చూశారా, ‘రాలేదు’ మారలేదు. ‘సంతకం చేయాలి’ అన్న మాట కూడా అంతే. నువ్వు చేయాలి, వాళ్ళు చేయాలి, అందరూ చేయాలి. లెక్క పెట్టాల్సిన అవసరం తెలుగు క్రియకు ఇక్కడ లేదు. ఇంగ్లీషులో ‘రాలేదు’ అనాలన్నా ఒకడా, పదిమందా అని ముందే తేల్చుకోవాలి. ఒకడైతే ‘హ్యాజ్ నాట్ కమ్’, పదిమందైతే ‘హ్యావ్ నాట్ కమ్’.

అలాగని మన భాష మనకు సాయం చేయదని కాదు. ‘ప్రతి’ అన్న మాటను గమనించండి. ప్రతి గదికీ తాళం ఉంది అంటాం, ‘ప్రతి గదులకీ’ అనం. ప్రతి బస్సూ నిండిపోయింది అంటాం, ‘ప్రతి బస్సులూ నిండిపోయాయి’ అనం. ఇంగ్లీషు ఎవ్రీ సరిగ్గా మన ‘ప్రతి’ లాంటిదే. పదిమందీ ఉన్నా, లైనులో నిలబెట్టి ఒక్కొక్కరినే చూపిస్తుంది. ‘అందరూ’ అంటే మొత్తం కలిపి చూపించే మాట. అది ఆల్. ఈ తేడా ఒక్కటి పట్టుకుంటే మిగతాది సులువు.

మొదటి గుంపు: ఎప్పుడూ ఏకవచనమే

సమ్, ఎనీ, ఎవ్రీ, నో అనే నాలుగు మాటలకు వన్, బడీ, థింగ్ అనే మూడు తోకలు తగిలించండి. సమ్‌వన్, ఎనీబడీ, ఎవ్రీథింగ్, నథింగ్, ఇలా పన్నెండు మాటలొస్తాయి. వీటితో పాటు ఈచ్, ఐదర్, నైదర్ కూడా కలుపుకోండి. వీటి పక్కన ఎప్పుడూ ఈజ్, వాజ్, హ్యాజ్, డజ్ వస్తాయి.

ఎవ్రీథింగ్ ఈజ్ రెడీ. సమ్‌బడీ హ్యాజ్ టేకెన్ ద కీ. నోబడీ నోస్ ద ఫోన్ నంబర్. నైదర్ ఆఫ్ ద లిఫ్ట్స్ ఈజ్ వర్కింగ్.

యు.ఎ.ఇ.లో ఏటా జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 దాకా, కొన్ని మినహాయింపులు తప్ప, మధ్యాహ్నం 12.30 నుంచి 3 గంటల వరకు ఎండలో పని చేయించకూడదన్న నిబంధన ఉంది. సైటు మీద దాని నోటీసు రాయాల్సి వస్తే ‘నో వన్ ఈజ్ అలౌడ్ టు వర్క్ ఇన్ ద సన్’ అని రాయాలి, ‘నో వన్ ఆర్’ అని కాదు.

ఇక్కడ మోసం చేసేది ‘ఆఫ్’. ‘ఈచ్ ఆఫ్ ద వర్కర్స్ హ్యాజ్ ఎ లాకర్’ అన్న వాక్యంలో క్రియకు ముందు వర్కర్స్ అని బహువచనం కూర్చుంది. చెయ్యి దానంతటదే హ్యావ్ అని టైపు చేసేస్తుంది. మేము వాడే చిట్కా ఒకటే. ‘ఆఫ్ ద వర్కర్స్’ అన్న ముక్కను బొటనవేలితో మూసేయండి. మిగిలింది ఈచ్. ఈచ్‌కి హ్యాజ్. ‘ఎవ్రీ వన్ ఆఫ్ ద డ్రైవర్స్ హ్యాజ్ ఎ లైసెన్స్’ కూడా ఇలాగే. ఆఫ్ వచ్చినప్పుడు మాత్రం ఎవ్రీ, వన్ అని రెండు మాటలుగా విడదీసి రాయాలి.

ఇంకో రెండు మెలికలున్నాయి. ‘ఎవ్రీ డ్రైవర్ అండ్ ఎవ్రీ హెల్పర్ హ్యాజ్ సైన్డ్’ అన్నప్పుడు మధ్యలో అండ్ ఉన్నా ఏకవచనమే. ఈచ్ మాత్రం కర్త తర్వాతికి జరిగితే దాని మాట చెల్లదు. ‘ఈచ్ ఆఫ్ అస్ హ్యాజ్ ఎ కార్డ్’ సరే, కానీ ‘వుయ్ ఈచ్ హ్యావ్ ఎ కార్డ్’. రెండో దాంట్లో కర్త వుయ్ కాబట్టి హ్యావ్ వచ్చింది.

రెండో గుంపు: ఎప్పుడూ బహువచనమే

బోత్, ఫ్యూ, మెనీ, సెవరల్. ఇవి నాలుగూ సూటి మాటలు. బోత్ ఆర్ అబ్సెంట్. మెనీ వర్ సిక్. సెవరల్ హ్యావ్ గాన్ హోమ్.

వీటిలో జాగ్రత్త పడాల్సింది ఫ్యూ దగ్గర. ‘ఎ ఫ్యూ ఆఫ్ ద వర్కర్స్ హ్యావ్ హెల్మెట్స్’ అంటే కొద్దిమందికి హెల్మెట్లున్నాయి, ఫర్వాలేదు అన్న ధ్వని. ‘ఫ్యూ ఆఫ్ ద వర్కర్స్ హ్యావ్ హెల్మెట్స్’ అంటే హెల్మెట్లున్నవాళ్ళు బాగా తక్కువ, దాదాపు లేనట్టే అన్న ఫిర్యాదు. క్రియ రెండింటికీ హ్యావే. కానీ ముందున్న ఒక్క ‘ఎ’ ఫిర్యాదును సమాధానంగా మార్చేస్తుంది. సేఫ్టీ రిపోర్టులు రాసే తమ్ముళ్ళు ఈ మాట మరిచిపోవద్దు.

మూడో గుంపు: రెండు వైపులా వెళ్ళేవి

ఆల్, సమ్, మోస్ట్, ఎనీ, నన్. వీటితో మాత్రం బొటనవేలి చిట్కా పనిచేయదు. ఇక్కడ వేలు తీసేసి, ఆఫ్ తర్వాత ఏముందో చూడాలి. కొలిచేదైతే ఏకవచనం, లెక్కపెట్టే బహువచనం ఉంటే బహువచనం.

సమ్ ఆఫ్ ద సిమెంట్ హ్యాజ్ కమ్. సమ్ ఆఫ్ ద బ్యాగ్స్ హ్యావ్ కమ్. ఆల్ ఆఫ్ ద రైస్ ఈజ్ ఫినిష్డ్. ఆల్ ఆఫ్ ద ఎగ్స్ ఆర్ బ్రోకెన్.

స్టోరులో ఇది సరదాగా ఉంటుంది. జీతం దగ్గరికొస్తే సరదా కాదు. ఈ రెండు వాక్యాలూ చూడండి. ‘సమ్ ఆఫ్ ద శాలరీ వాజ్ పెయిడ్.’ ‘సమ్ ఆఫ్ ద శాలరీస్ వర్ పెయిడ్.’ మొదటిది జీతంలో కొంత భాగం ఇచ్చారని చెబుతుంది. వెయ్యికి నాలుగు వందలు ఇచ్చి మిగతాది ఆపారన్నమాట. రెండోది కొన్ని జీతాలు ఇచ్చారని. అంటే కొందరికి ఇచ్చారు, లేదా కొన్ని నెలలవి ఇచ్చారు. రెండూ వేర్వేరు ఫిర్యాదులు, వేర్వేరు లెక్కలు. ఆ వాజ్, వర్ తేడాలోనే విషయమంతా ఉంది. మీకు ఏది జరిగిందో అదే రాయండి. వీలైతే పక్కనే ఏ నెల, ఎంత అన్నది అంకెల్లో కూడా వేయండి.

నన్ గురించి గొడవ పాతదే. నన్ అంటే ‘నాట్ వన్’ కాబట్టి ఏకవచనమే వాడాలని కొందరు పట్టుబడతారు. కానీ ‘నన్ ఆఫ్ ద వర్కర్స్ హ్యాజ్’ అనీ, ‘నన్ ఆఫ్ ద వర్కర్స్ హ్యావ్’ అనీ రెండూ ఇంగ్లీషులో ఎప్పట్నుంచో ఉన్నాయి, రెండూ చెల్లుతాయి. మనీ, వాటర్ లాంటి కొలిచే వాటికి మాత్రం ‘నన్ ఆఫ్ ద మనీ వాజ్ పెయిడ్’ ఒక్కటే దారి. ఉత్తరంలో గట్టిగా చెప్పదలుచుకుంటే ‘నాట్ వన్ ఆఫ్ అస్ హ్యాజ్ బీన్ పెయిడ్’ అని రాయండి. ఎవరూ వంక పెట్టలేరు, అర్థం కూడా సూటిగా తగులుతుంది.

అందరికీ కలిపా, ఒక్కొక్కరికా?

‘ద ట్వెంటీ వర్కర్స్ విల్ బి పెయిడ్ సిక్స్ థౌజండ్ దిర్హామ్స్’ అని ఒక కాగితం మీద ఉందనుకోండి. ఇరవైమందికీ కలిపి ఆరు వేలా, తలకు ఆరు వేలా? కలిపి అయితే తలకు 300 పడుతుంది. తలకు అయితే మొత్తం 1,20,000. ఒకే వాక్యం, రెండు లెక్కలు. ‘ఈచ్ ఆఫ్ ద ట్వెంటీ వర్కర్స్ ఈజ్ టు బి పెయిడ్ త్రీ హండ్రెడ్ దిర్హామ్స్’ అంటే ఇక వాదనే లేదు. డబ్బు గురించి రాసే చోట వీలైనంత వరకు ఆల్ వదిలి ఈచ్ వాడండి.

అలాగే పని మానేసి ఇంటికి పోయేటప్పుడు ఇచ్చే ఫైనల్ సెటిల్‌మెంట్ కాగితం. అందులో ‘ఆల్ మై డ్యూస్ హ్యావ్ బీన్ పెయిడ్’ అని ఉంటే పైసా బాకీ లేదని మీరు ఒప్పుకుంటున్నట్టు. ‘నథింగ్ ఈజ్ డ్యూ’ అన్నా అంతే. లీవు జీతమో, ఓవర్‌టైమో ఇంకా రావాల్సి ఉంటే ఆ ఆల్ దగ్గర ఆగండి. ఊరికెళ్ళే తొందరలో ఉంటాం నిజమే, కానీ ఆ ఒక్క మాట చదవడానికి నిమిషం పట్టదు. మీకు చదవడం రాకపోతే చదివి చెప్పేవాణ్ణి పక్కన పెట్టుకుని సంతకం చేయండి.

హిజ్ అనాలా, దెయిర్ అనాలా?

క్రియ సంగతి తేలింది. తర్వాత వచ్చే ప్రొనౌన్ మాటేమిటి? ‘ఎవ్రీవన్ మస్ట్ షో...’ తర్వాత హిజ్ కార్డా, దెయిర్ కార్డా?

ఎవ్రీవన్ ఏకవచనం కాబట్టి హిజ్ అని పాత గ్రామర్ పుస్తకాలు చెప్పేవి. చట్టాల్లో కూడా ఇదే పద్ధతి. పురుషుణ్ణి చెప్పే మాటలో స్త్రీ కూడా ఉన్నట్టేనని 1850లో బ్రిటిష్ పార్లమెంటు ఒక చట్టంలో రాసింది. మన దేశంలో 1897 నాటి జనరల్ క్లాజెస్ యాక్ట్ 13వ సెక్షన్‌లోనూ అదే మాట ఉంది. కానీ మాట్లాడే ఇంగ్లీషు వందల ఏళ్ళుగా దెయిర్ వాడుతూనే వచ్చింది. జేన్ ఆస్టిన్ నవలల్లో కూడా ఇలాంటి దెయిర్ కనిపిస్తుంది. 2019లో అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ తన రచనా నియమాల ఏడో కూర్పులో ఈ వాడుకను ఆమోదించింది.

కాబట్టి ‘ఎవ్రీవన్ హ్యాజ్ టు షో దెయిర్ కార్డ్’ అని ధైర్యంగా రాయొచ్చు. క్రియ ఏకవచనం, ప్రొనౌన్ మాత్రం దెయిర్. మన చుట్టూ నర్సులున్నారు, ఇళ్ళల్లో పనిచేసే అక్కచెల్లెళ్ళున్నారు, క్లీనింగ్ పనిలో ఉన్నవాళ్ళున్నారు. నోటీసులో హిజ్ అని రాస్తే వాళ్ళు మనుషుల్లో లెక్క కాదా? అది మీ ఆఫీసులో పెద్దవాళ్ళకు నచ్చదనుకుంటే ఇంకో దారి ఉంది. వాక్యాన్నే బహువచనంలోకి మార్చేయండి. ‘ఆల్ ఎంప్లాయీస్ మస్ట్ షో దెయిర్ కార్డ్స్.’ ఎవరికీ అభ్యంతరం ఉండదు. పైగా మస్ట్, విల్, షుడ్ ఏకవచనానికీ బహువచనానికీ మారవు. హ్యాజా, హ్యావా అని అనుమానం వచ్చిన చోట అర్థం కుదిరితే మస్ట్ పెట్టి గట్టెక్కొచ్చు.

ప్రపంచానికంతటికీ రాసిన కాగితం

ఈ మాటలు ఎంత బరువు మోయగలవో చూడాలంటే 1948 డిసెంబరు 10న ఐక్యరాజ్యసమితి ఆమోదించిన విశ్వ మానవ హక్కుల ప్రకటన తీసుకోండి. మొదటి అధికరణం ‘ఆల్ హ్యూమన్ బీయింగ్స్ ఆర్’ అని మొదలవుతుంది. అందరినీ కలిపి చెబుతోంది కాబట్టి ఆల్, కాబట్టి ఆర్. చిత్తుప్రతిలో అక్కడ ‘ఆల్ మెన్’ అని ఉండేది. దాన్ని ‘ఆల్ హ్యూమన్ బీయింగ్స్’గా మార్పించిన ఘనత మన దేశ ప్రతినిధి హంసా మెహతాకు దక్కింది.

తర్వాత హక్కుల జాబితాలోకి వచ్చేసరికి చాలా చోట్ల మాట మారిపోయింది. ‘ఎవ్రీవన్ హ్యాజ్ ద రైట్’ అని వస్తుంది. ఏ దేశాన్నైనా విడిచి వెళ్ళే హక్కు, సొంత దేశానికి తిరిగి వచ్చే హక్కు 13వ అధికరణంలో ఉన్నాయి. సమాన పనికి సమాన వేతనం 23లో ఉంది. విశ్రాంతి, పనిగంటలకు హద్దు, జీతంతో కూడిన సెలవులు 24లో ఉన్నాయి. అన్నిటికీ ఎవ్రీవన్, హ్యాజ్. సమాన వేతనం వాక్యంలో ఎవ్రీవన్‌కీ హ్యాజ్‌కీ మధ్య ‘ఏ వివక్షా లేకుండా’ అన్న ముక్క అడ్డం వచ్చినా హ్యాజ్ కదల్లేదు. మన బొటనవేలి చిట్కాయే. 4వ అధికరణంలో బానిసత్వాన్ని నిషేధించే చోట ‘నో వన్’ అన్నారు. ఒక్కడు కూడా కాదు అని. ఇంత జాగ్రత్తపడినా 13లో ‘హిజ్’ మాత్రం మిగిలిపోయింది. హంసా మెహతా దిద్దించిన చూపు అక్కడిదాకా రాలేదు.

గుంపుకు హక్కు ఇస్తే గుంపులో ఎక్కువమందికి అందితే చాలనుకోవచ్చు. ఒక్కొక్కరికీ ఇస్తే, వందలో తొంభైతొమ్మిది మందికి అందినా ఆ మిగిలిన ఒక్కడు నాది ఏదని అడగొచ్చు. ఎవ్రీవన్ పక్కన ఉన్న హ్యాజ్ చేసే పని అదే. ఉత్తరాలు రాసిపెట్టే మిత్రులు ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి. మీరు టైపు చేసే ఎవ్రీ, ఈచ్, నో వన్ వెనక ఒక్కో మనిషి నిలబడి ఉన్నాడు.

కాస్త సాధన

ఖాళీల్లో సరైన మాట నింపండి.
1. ఈచ్ ఆఫ్ ద రూమ్స్ (హ్యాజ్, హ్యావ్) యాన్ ఏసీ.
2. మోస్ట్ ఆఫ్ ద లగేజ్ (వాజ్, వర్) లాస్ట్.
3. బోత్ ఆఫ్ ద ఫోర్‌మెన్ (ఈజ్, ఆర్) ఆన్ లీవ్.
4. ఎవ్రీథింగ్ ఇన్ ద బాక్సెస్ (ఈజ్, ఆర్) న్యూ.
5. సమ్ ఆఫ్ ద పాస్‌పోర్ట్స్ (ఈజ్, ఆర్) ఇన్ ద ఆఫీస్.

జవాబులు: హ్యాజ్, వాజ్, ఆర్, ఈజ్, ఆర్. అయిదుకు అయిదూ వస్తే ఈ పేజీ పక్క గదిలోని మిత్రుడికి ఇవ్వండి. తక్కువ వస్తే ఇంకోసారి చదివి తర్వాత ఇవ్వండి.

వచ్చే వారం ‘ఎ నంబర్ ఆఫ్’, ‘ద నంబర్ ఆఫ్’ అనే కవలల గురించి చెప్పుకుందాం. ఒకటి బహువచనం, ఒకటి ఏకవచనం. ఏది ఏదో ఈలోగా ఆలోచించి ఉంచండి. మీ ఉత్తరాల్లో ఇబ్బంది పెట్టిన వాక్యాలుంటే పేర్లు, కంపెనీ పేర్లు తీసేసి మాకు రాసి పంపండి. తప్పకుండా చూస్తాం.